వరూధిని మేడమ్ శనివారాలు

సభకు అధ్యక్షులు, మా శాఖాధిపతి హేమంత్‌కుమార్ సార్‌కు, వేదిక మీద కూర్చున్న అధ్యాపకులకు, నాకు ముందూ తర్వాతా ఈ కోర్సు చదివి ఈ పూట ఆఫీసుకు సెలవు పెట్టుకుని వచ్చిన మిత్రులకు, ఉక్కపోస్తున్నా శాలువా తీయకుండా కూర్చున్న మా వరూధిని మేడమ్‌కు నమస్కారం. (నవ్వులు)

నా పేరు అనసూయ. హూడిలో ఉంటాను. ఉద్యోగం లేదు, ఇల్లు చూసుకుంటాను. ఈ విశ్వవిద్యాలయంలో సాయంత్రం పూట నడిచే బిజినెస్ ఇంగ్లీషు కోర్సులో, అంటే మాట్లాడటమూ వినడమూ మాత్రమే నేర్పే కోర్సులో, నేను మేడమ్ విద్యార్థిని. ఇంగ్లీషు నేర్చుకుని వచ్చి తెలుగులో మాట్లాడుతోందేమిటని కొత్తవారు అనుకోవచ్చు. అది మేడమ్ పెట్టిన షరతు. "నా వీడ్కోలు రోజు ఎవురూ ఇంగ్లీషులో మాట్లాడొద్దండప్పా, మీరు మాట్లాడతా ఉంటే నా చెయ్యి మార్కులేసేదానికి పోతాది" అన్నారు. అందుకే ఇందాకటి నుంచి కన్నడమూ తమిళమూ తెలుగూ వింటున్నాం. ఆవిడ చెయ్యి కదలలేదు, నేను చూస్తూనే ఉన్నాను.

ఇంట్లో ఉండే మనిషికి బిజినెస్ ఇంగ్లీషు దేనికని మా చుట్టాలు అడిగారు. లెక్కలు శుభ్రంగా రాస్తానన్న పేరు ఒకటి ఉండబట్టి మా అపార్ట్‌మెంటు సంఘంవాళ్ళు నన్ను కోశాధికారిని చేశారు. లెక్కలతో ఇబ్బంది రాలేదు, లిఫ్టుతో వచ్చింది. అది ఆగినప్పుడల్లా కంపెనీకి ఫోన్ చేయవలసింది నేనే. అవతలి మనిషి ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు, నేను ఎస్ సార్, ఎస్ సార్ అని పెట్టేస్తాను, ఆ తర్వాత మా అత్తగారు గోడ పట్టుకుని మెట్లు దిగుతూ "ఏమన్నాడమ్మా?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అందుకని చేరాను.

మొదటి తరగతిలో మేడమ్ కుర్చీలను ఒకదానికొకటి వీపు ఆనించి వేయించారు. ఫోన్‌లో ముఖం కనబడదు కాబట్టి ముఖం చూడకుండా వినడం నేర్చుకోవాలన్నారు. నేను కస్టమర్‌ని, నా వెనక కూర్చున్న మమత లిఫ్టు కంపెనీ. అదిగో, రెండో వరుసలో ఆకుపచ్చ చీర కట్టుకుని తల దించుకున్నది ఆమే. నేను నమస్కారం చెప్పి, బాగున్నారా అని అడిగి, టీ తాగారా అని అడిగి, పిల్లల క్షేమం కనుక్కుని, హూడిలో వానలు ఎట్లా ఉన్నాయో నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మమత కూడా తగ్గకుండా హెబ్బగోడిలో వానల సంగతి ఎత్తుకుంది. మేడమ్ చాలాసేపు ఓపికగా విని, "అనసూయమ్మా, లిఫ్టు ఇంకా ఆడనే నిలబడుకోని ఉండాది" అన్నారు. (నవ్వులు)

నవ్వండి. మీరందరూ మొదటిరోజు ఇదే చేశారని మేడమ్ నాకు చెప్పారు.

వినడానికి ఆవిడ నేర్పిన పద్ధతి ఒకటే. అవతలివారు చెప్పినదాన్ని ముందు వారికే తిరిగి చెప్పాలి, వారు అవునన్న తర్వాతే మన మాట మొదలుపెట్టాలి. ఇది చిన్న విషయంలాగే కనబడుతుంది. మనం ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపూ మన జవాబు వండుకుంటూ ఉంటామని, వారి మాట సగమే మన చెవిన పడుతుందని నాకు ఆ తరగతిలోనే తెలిసింది. మా ఇంట్లో ఈ పద్ధతి పెట్టి చూశాను. మావారు రెండు రోజులు భయపడ్డారు. (నవ్వులు)

అన్నిటికంటే కష్టమైన పాఠం కాదనడం. ఎదుటివారు ఏదో అడుగుతారు, మనం మర్యాదగా కాదనాలి. తరగతి మొత్తంలో ఎవరికీ చేతకాలేదు. సరుకు ఆలస్యంగా పంపుతానన్న వ్యాపారితో ఒప్పుకోనని చెప్పవలసిన మమత, చివరికి తానే ఆటో మాట్లాడుకుని పోయి సరుకు తెచ్చుకుంటానని మాటిచ్చింది. ఈ రోజు మైకులు చూస్తున్న పునీత్ అప్పటికే ఒక కంపెనీలో ఫోన్లు తీసుకునే ఉద్యోగం చేస్తున్నాడు. అతనైతే హలో, హలో, వినబడటం లేదు అని పెట్టేశాడు. మేడమ్ అడిగారు, "ఫోన్లో అయితే సిగ్నల్ పోతాది పునీతూ, ఎదురుగా కూర్చోని అడిగినోళ్ళ ముందర ఏం పోతాది?"

"కరెంటు, మేడమ్" అన్నాడు. (నవ్వులు)

అప్పుడు నేర్పారు. అడిగినందుకు సంతోషమని చెప్పు. కుదరదని చెప్పు. కారణం ఒక్కసారి చెప్పు, రెండోసారి చెబితే అది కారణం కాదు, బేరం. తర్వాత నోరు మూసుకో, అవతలివారు మాట్లాడేదాకా. ఇంగ్లీషు వాక్యాలు మాకు త్వరగానే పట్టుబడ్డాయి గానీ ఆ మౌనం మాత్రం కోర్సు అయిపోయేదాకా రాలేదు. అందరం ఫ్యాను వైపు చూసేవాళ్ళం. ఇంకొకటి కూడా చెప్పారు. 'చూద్దాం' అని మాత్రం అనొద్దన్నారు. "నువ్వు చూద్దాం అంటే అవతలోళ్ళు సరే అని రాసుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు దాంట్లో." ఈ మాటతో నాకు మళ్లీ పని పడుతుంది, గుర్తుంచుకోండి.

లిఫ్టు కంపెనీవాళ్ళు ఎల్లుండి వస్తామన్నప్పుడు నేర్చుకున్నది అప్పజెప్పి ఊరుకున్నాను. సాయంత్రానికి వచ్చారు. ఇంగ్లీషులో కాదనడం అంత కష్టం కాదు, ఆ భాషలో నేను ఎవరికీ కోడలినీ కాదు, మరదలినీ కాదు. తెలుగులో అనవలసి వచ్చినప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. ముళబాగిలులో ఉండే మా ఆడబిడ్డ భాగీరథమ్మ గారు, వాళ్ళ మరిది కొడుకును ఏడాదిపాటు మా ఇంట్లో పెట్టుకోమన్నారు. మాకున్నవి రెండు గదులు, ఒకటి అత్తగారిది. "వదినా, అడిగినందుకు సంతోషం. మాకు కుదరదు. గది లేదు" అని చెప్పి మా ఇంటి ఫ్యాను చూశాను.

"ఎవురు నేర్పించినారు అనసూయా నీకు ఇట్లా మాట్లాడేది?"

"యూనివర్సిటీలో, వదినా."

"ఫీజు కట్టి నేర్చుకుంటివా దీన్ని?" (నవ్వులు)

కొన్నాళ్ళు ఆమె నుంచి ఫోన్ రాలేదు. తర్వాత వచ్చింది. మామిడికాయలు కె.ఆర్.పురం బస్సులో వేశాను, పోయి దించుకోమని.

ఇక ఈ రోజు సంగతి. మేడమ్ రిటైరైనా శనివారం పొద్దున విడిగా జరిగే వినే తరగతికి వస్తూనే ఉంటారని సార్ మొదట అన్నారు. తర్వాత మాట్లాడిన ప్రతి ఒక్కరూ అదే అన్నారు. అన్నప్పుడల్లా మనం చప్పట్లు కొట్టాం, కొట్టినప్పుడల్లా మేడమ్ చేతులు జోడించారు. కానీ వస్తానని ఆవిడ అనడం నాకు వినబడలేదు. వినడం నేర్చుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

పోయిన వారం ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. "సార్ అడిగినారు, చూద్దాం సార్ అని వచ్చేసినా" అన్నారు. నేను ఆవిడ ముఖం చూశాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి, "ఏం చేసేది అనసూయమ్మా, సార్ మంచోడు, నాకు నోరు రాలా. శనివారం పొద్దున ఎవురి మాటా వినకుండా ఉత్తనే కూర్చోవాలని ఉండాది నాకు. ఇన్నేండ్లు చెవులతోనే బతికినా" అన్నారు. ఆరోగ్యం బాగాలేక కాదు, తీర్థయాత్రలు పెట్టుకుని కాదు, ఉత్తనే కూర్చోవాలని. నలుగురిలో చెప్పదగిన కారణం కాదని ఆవిడ అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు.

ఈ సంగతి సభలో చెప్పనా అని పొద్దున ఫోన్ చేసి అడిగాను. చూద్దాం అన్నారు. (నవ్వులు) నేను సరే అని రాసుకున్నాను. నా తప్పేం లేదు దాంట్లో. (నవ్వులు, చప్పట్లు)

ఆ తరగతి నాకు అక్కర్లేక ఇది చెప్పడం లేదు. కోర్సు అయిపోయినా ప్రతి శనివారం పోయి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. వారంలో చేతిలో సంచీ లేకుండా నేను గడప దాటేది ఆ ఒక్క పూటే. మేడమ్ రాకపోతే ఆ తరగతి ఉంటుందో లేదో తెలియదు. అది నా ఖాతాలో నష్టం. దాన్ని ఆవిడ ఖాతాలో రాయకూడదు.

సార్, మీకు తెలుగు బాగా అర్థమవుతుంది. మీరు అడగడంలో తప్పు లేదు, ఇలాంటి టీచరును ఎవరు వదులుకుంటారు. కానీ ఇంకొక్కసారి అడగండి, చప్పట్లు లేకుండా. మేడమ్, మైకు మీ దగ్గరికి వస్తోంది. పునీత్, ఈసారి కరెంటు పోకుండా చూడప్పా. (నవ్వులు)

(హేమంత్‌కుమార్ గారు కన్నడంలో అడిగారు. వరూధిని గారు మైకు అందుకుని లేచి నిలబడ్డారు. "అడిగినందుకు సంతోషం, సార్. నాకు కుదరదు. శనివారాలు నాకు కావాల" అన్నారు. కొందరు ఫ్యాను వైపు చూశారు. మేడమ్ ఎటూ చూడలేదు, ఇంకేమీ అనలేదు. కాసేపటికి సార్ "ఆయ్తు మేడమ్. సరే" అన్నారు. చప్పట్లు.)

సార్‌కు కృతజ్ఞతలు. మేడమ్, ఇంక ఆ శాలువా తీసేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఓపికగా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. చెప్పినదే మళ్లీ చెబితే బేరమవుతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను. సెలవు.