అడగని సెలవు

జ్వరంతో పనికి రాలేనని బేకరీకి ఫోన్ చేసిన అక్క, పావుగంటకే చెప్పులు వేసుకుంది. చెల్లెలు గుమ్మానికి అడ్డం నిలబడింది.

“మళ్ళీ ఎక్కడికి?”

“పనికి. సిగ్గుగా ఉందే.”

“ఒళ్ళు కాలిపోతోంది. నువ్వు లేకపోతే వాళ్ళ పొయ్యి ఆరిపోదులే.”

“తప్పుకో.”

“తప్పుకోను. అప్పుడు అమ్మ ఆసుపత్రిలో ఉంటే ఒక్కరోజైనా సెలవివ్వలేదు ఆ మేనేజరు. వాడి కోసమా ఈ ఆరాటం?”

“వాణ్ణేం అనకు. నేనసలు అడగలేదు.”

“ఏంటీ?”

“అడిగితే ఏమనుకుంటాడోనని భయపడ్డాను. ఇవ్వలేదని నీకు అబద్ధం చెప్పాను. అమ్మకు పెట్టని సెలవు నా జ్వరానికి పెట్టుకుని ఎలా పడుకోమంటావు?”

“ఆ చివరి ఆరు రోజులూ ఆసుపత్రిలో నేనొక్కదాన్నే ఉన్నానక్కా. అమ్మ నిన్నే అడిగేది. మూడేళ్ళుగా వాణ్ణి తిట్టిపోస్తున్నాను.”

“ఇప్పుడు నన్ను తిట్టు.”

“తిడతాను. ముందు మాత్ర వేసుకుని పడుకో. లేచాక తిడతాను.”