మంజీరను మలిపిన బర్నబా

లక్డారం చౌరస్తాలో కైలాసం చాయ్ బండి దగ్గర పొద్దటి షిఫ్టు బస్సులు పోయాక కాస్త తెరిపి దొరుకుతుంది. పాశమైలారంలో బాయిలర్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైన బర్నబా అప్పుడే వచ్చి బల్ల మీద చతికిలబడతాడు. ఆ రోజు ఆటో నడిపే నర్సింహులు, "ఈసారన్న మంజీర పారుతదో లేదో" అన్నాడు. బర్నబాకు అంత చాలు.

"మంజీర ముచ్చట నన్నడుగు తమ్మీ. మా అమ్మ పుట్టిన ఊరు దాని ఒడ్డుకే. అక్కడ ఏటికి అడ్డంగ దేవుడు పెట్టిన బండల వరుస ఉన్నది. వాటికి తట్టుకొని నీళ్లు నిలిస్తే మడుగైతుండె, నిండినంక పక్కకెల్లి మల్లి పోతుండె. మా సంఘపోళ్ల బాప్తిస్మాలన్నీ ఆ మడుగులనే. ఒక ఆదివారం పాస్టరయ్య నీళ్లల్లకు దిగిండు, ఇగ చూస్తే బండల సందుకెల్లి నీళ్లన్నీ కారిపోవట్టె. నేనేం చేసిన? ఒక రాయి తెచ్చి సందుల పెట్టిన. పెద్ద పనేం కాదు."

"ఎంత రాయి బర్నబన్నా?" కైలాసం అడిగాడు.

"బర్రె అంత. పన్న బర్రె కాదు, నిలబడ్డ బర్రె. చంకల పెట్టుకొని తెచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పై నుంచి వరదొచ్చె. రాయి ఆగుతలేదు, బండలు ఆగుతలేవు, పాస్టరయ్య హల్లెలూయ అనుకుంట కొట్టుకపోతున్నడు. నేను ఈ ఒడ్డుకు తల, ఆ ఒడ్డుకు కాళ్లు పెట్టి అడ్డంగ పన్న. బీదర్ దిక్కుకెల్లి ఉరుక్కుంట వచ్చిన మంజీర, సంగారెడ్డి దాటినంక ఉత్తరం దిక్కు ఎందుకు మల్లుతదనుకున్నవ్? నా నడుముకు తాకి!"

"అది నువ్వు పుట్టకముందే మల్లింది కదనే," అన్నాడు నర్సింహులు.

"అప్పుడు జెరంత మల్లింది. పక్కా చేసింది నేను. నడుమ మాట్లాడకు. ఆ సంగతి తెలిసే కదా, పైన ఆనకట్ట కట్టేటప్పుడు ఇంజనీర్లు జీపేసుకొని మా ఇంటికొచ్చిన్రు. గోడ యాడ పెడుదాం సార్ అన్నరు. యాడన్న పెట్టుకోండ్రి గని నా మడుగుకు దర్వాజ ఇడువుండ్రి అన్న. గేట్లు నేను చెప్తే పెట్టినయే! కని ఏం ఫాయిదా? నీళ్లు పైపులల్ల పట్నం పాయె. మడుగుల ఇసుక మిగిలె. ఒకపారి పోయి ఆ గోడకు చెవి పెట్టిన. అవతలికెల్లి మంజీర అడిగింది, బర్నబా, మన మడుగు ఎట్లున్నది అని. ఎండింది బిడ్డా అన్న. అంతే, అంత పెద్ద గోడ చెమ్మగిల్లింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బర్నబా గొంతు కూడా తగ్గింది.

"మా అమ్మ బాప్తిస్మానికి అండ్లనే మునిగి లేసింది. నీళ్లు కారుకుంట నవ్వుతున్న ఆ మొఖం మల్లొక్కపారి చూడాలనుంటది. ఇప్పుడు గుడి ఎన్క సిమెంటు తొట్టి కట్టిన్రు, ట్యాంకరు నీళ్లు పోస్తరు. అండ్ల నేను మునగ. పారే మంజీర వస్తేనే నాకు బాప్తిస్మం. బాప్తిస్మం లేనోళ్లకు ప్రభు బల్ల కాడ రొట్టె ఇయ్యరు. ఇయ్యకున్నా మంచిదే, ఆగుత."

"అయితే ఆగుడు అయిపోయింది, లే." వెనక నుంచి సౌభాగ్యమ్మ గొంతు. బర్నబా భార్య ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "మా తమ్ముడు ఎబెనేజర్ ఫోన్ చేసిండు. గేట్లెత్తిన్రట. వరద తగ్గింది, మడుగు నడుము లోతు నిండి పారుతున్నదట. ఆదివారం బాప్తిస్మాలు అక్కడనే అని పాస్టరయ్య చెప్పిండు. నీ పేరిచ్చిన."

బర్నబా చల్లారిపోయిన చాయ్ ఊదాడు. "ఈ ఆదివారమా? జెర జలుబున్నదే. నీళ్లు కొత్తయి, బురదుంటయి..."

"ఇన్నరా కైలాసం?" అంది సౌభాగ్యమ్మ. "మంజీరను మలిపినోడు, మా చేను కాడ మోకాళ్ల లోతు కాల్వ దాటాలంటే నా చెయ్యి పట్టుకొని కండ్లు మూసుకుంటడు. నీళ్లు లేక కాదు ఆగింది, నీళ్లంటే భయమై!"

నర్సింహులు పొట్ట పట్టుకుని నవ్వాడు. కైలాసం గరిటె వదిలేశాడు. బర్నబా తల దించుకున్నాడు.

నవ్వులు ఆగాక ఆమె వచ్చి అతని పక్కనే కూర్చుంది.

"నెలనెలా ప్రభు బల్ల కాడికి ఒక్కదాన్నే పోత. అందరాడోళ్ల పక్కన వాళ్ల మొగోళ్లు ఉంటరు. రొట్టె చేతుల పట్టుకొని ఎన్కకు మల్లి నిన్నే చూస్త. నువ్వు మంజీర కోసం చూసినవ్ గని, నేను నీ కోసం చూస్తున్నయ్యా."

బర్నబా చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. ఆమెకే వినిపించేలా అడిగాడు.

"నిజంగ నడుము లోతేనా?"