సీసాకి కాళ్ళొచ్చిన రోజు

అరుగు మీద గ్లాసులు తుడిచి పెట్టి ఉన్నాయి. సీసా మాత్రం ఖాళీ. మామగారు దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, వంచి చూసి, అల్లుడి వైపు చూశారు. ఆయన అచ్చాఫీసులో ఆఖరి రోజు పని ముగించుకుని వచ్చిన మనిషి. ఓడలో వంట చేసే స్నేహితుడు ఎప్పుడో ఇటలీ నుంచి రెండు సీసాల ఎర్ర వైను తెచ్చాడు. దాచిన కొద్దీ రుచి పెరిగే రకమట. అయినా ఆగలేక ఒకటి ఇద్దరూ ఆ రోజే ఖాళీ చేశారు. రెండోది ఈ సాయంత్రం కోసం దాచుకుని, రోజూ బీరువా తలుపు సందులోంచి ఓసారి చూసుకుని మరీ పనికి వెళ్ళేవారు.

అల్లుడిని అందరూ విమానం అంటారు. మాట ఎత్తుకున్నాడంటే ఇక కిందికి దిగడు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఒక్క గుక్క చూద్దామని బీరువాలోంచి సీసా తీశాడు. బిరడా చేత్తోనే ఊడొచ్చింది. నోరంతా చేదు. గొప్పవాటి రుచి ఇలాగే ఉంటుంది కాబోలనుకుని, అర్థమయ్యేదాకా తాగాడు. ఇప్పుడు తాగేశానని ఒప్పుకుంటే ఈయన జన్మలో తనని ఇంకోసారి నమ్మరు. అందుకే నోరు విప్పాడు.

"నేనేం చేశాను మామయ్యా! వైనుకి కాసేపు ఊపిరాడాలని మీ స్నేహితుడే అన్నాడుగా. పాపం, ఇన్నేళ్ళు ఉక్కిరిబిక్కిరైందని కాస్త బిరడా తీశానంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తాగేశావు," అంది భార్య.

"నువ్వుండవే! అది ఊపిరి పీల్చింది. ముందు మెల్లగా, తర్వాత గుండెల నిండా. గదంతా ఎండుగులాబీల వాసన, వాన వెలిసిన మట్టి వాసన! మూడు రకాల ద్రాక్షలు కలిపారు కదా అందులో, మూడూ మాట్లాడుకుంటున్నాయి. ఒకటి పెద్దక్కలా గదమాయిస్తోంది, ఒకటి ఊరికే నవ్వుతోంది, మూడోది ఏమీ అనకుండా కొండ మీద తన తోటని తలుచుకుంటోంది. అలా వింటూ వింటూ గ్లాసులో పోసి తిప్పాను. తిప్పితే గ్లాసు గోడ మీద చారలు జారతాయి, వాటినే కాళ్ళంటారని కూడా ఆయనే అన్నాడా లేదా? కనబడ్డాయి!"

"ఎన్ని?" అన్నాడు పక్కింటి దర్జీ, నవ్వు ఆపుకుంటూ.

"లెక్కపెట్టేలోపే లేచి నిలబడింది బాబాయ్! ఎర్రగా, నా అంత ఎత్తున, మంచి ఒళ్ళు. గుమ్మం దాటింది. వీధి పొడుగునా కిటికీలు వాటంతటవే తెరుచుకున్నాయి. రొట్టెల దుకాణం ముందు కుక్క నిద్రలోనే తోకాడించింది. నేను దాని వెనకాలే, నేల మీద అడుగు ఆనితే ఒట్టు! సముద్రం దాకా వెళ్ళి, నీళ్ళ మీద నడుచుకుంటూ ఆకాశంలోకి ఎక్కేసింది. ఇందాక పడమర ఎర్రబడలేదూ? అదే అది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, 'మీ మామగారిని అడిగానని చెప్పు' అంది."

ఎవరూ నవ్వలేదు. మామగారు నిజంగానే పడమటి వైపు చూస్తున్నారు. ఆ చూపు చూశాక విమానానికి నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి ఖాళీ సీసా వాసన చూశారు.

"కాళ్ళు రాక చస్తాయా నాయనా! ఇది నా మోకాళ్ళ నొప్పుల కషాయం. ఆ రోజు మీ మామగారు ఖాళీ చేసిన సీసాలోనే ఇన్నేళ్ళూ పోసి బీరువాలో పెట్టుకుంటున్నాను. పూటకి చెంచాడు తాగమన్నాడు వైద్యుడు."

దర్జీ అరుగు మీద పడి దొర్లాడు.

"మరి అసలుది?" అన్నారు మామగారు.

"చీకట్లో పడుకోబెట్టమన్నాడుగా మీ స్నేహితుడు. మంచం కింద, పాత దుప్పట్లో చుట్టి పెట్టాను."

బిరడా ఈసారి మొండికేసింది. అందరి గ్లాసుల్లో పోశాక మామగారు అల్లుడి దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, కొంచెం పోశారు.

"ఊ, చెప్పు. ఎలా ఉంది?"

విమానం ఒక గుక్క తాగాడు. అందరూ కోతల కోసం చెవులు రిక్కించారు. అతను మింగి, గ్లాసు ముందుకు చాపాడు.

"వగరుగా ఉంది మామయ్యా. ఇంకొంచెం పొయ్యండి."

"ఇన్నేళ్ళకి నిజం చెప్పావురా," అని మామగారు గ్లాసు నిండా పోశారు.