ఇన్సులేషన్ టేపు కింద కాపలా

మొన్న వైరు చెక్కుతూ వేలు కోసుకున్న ఎలక్ట్రీషియన్ బావ, దానికి నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టేసి తిరుగుతున్నాడు. ఆసుపత్రికి పద బావా అని మరదలు పొద్దున్నుంచీ పోరుతోంది. ల్యాబులో పనిచేసే పిల్ల, అలా వదిలేస్తే ఆ వేలు దక్కకపోవచ్చని ఆమె భయం. సూదంటే బావకు హడలన్న సంగతీ ఆమెకు తెలుసు. లాక్కొస్తే టీకొట్టు దాకా వచ్చి, బల్ల మీద బైఠాయించాడు.

"నా ఒంటికి మందులెందుకు? ప్రతి కణంలోనూ కాపలా ప్రోటీన్లున్నాయి. బ్యాక్టీరియా మొత్తం రానక్కర్లేదు, దాని గోడ పెచ్చు ఒక్కటి రాలితే చాలు, పట్టేస్తాయి."

ఇంతవరకూ నిజమే. నిన్న భోజనాల దగ్గర మరదలు చెప్పిందే. అందుకే ఆమె తలూపుతూ టీ ఊదుకుంటోంది.

అవి అందరికీ ఉంటాయిగా అన్నాడు పక్క షాపు దర్జీ.

ఉంటాయట గానీ బావవి వేరట. పెచ్చు చూసి అది ఏ ఊరి బ్యాక్టీరియానో, దాని ముత్తాత ఎవరో చెప్పేస్తాయట. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ కబురు బ్యాక్టీరియాలకు పాకి, అవి గోడలు ఇంట్లో విప్పేసి రావడం మొదలెట్టాయి. దారిలో వానొచ్చింది, గోడల్లేక నీళ్లకు ఉబ్బి పగిలిపోయాయి. ఒక్కటి మిగిలితే ఒట్టు."

అక్కడితో ఆగితే బావెందుకవుతాడు. తను బస్సెక్కితే బ్యాక్టీరియాలన్నీ ముందు స్టాపులోనే దిగిపోతాయన్నాడు. టీకొట్టాయన దగ్గు తగ్గిందీ తన పక్కన నిలబడినందుకేనన్నాడు. సీసాడు మందు తాగాను కదయ్యా అని ఆయన గొణిగాడు.

"మందుదేముంది, అంతా నా కాపలా" అంటూ బావ బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు, టేపున్న చేత్తోనే. కథ ఆగిపోయింది. కళ్లల్లో నీళ్లు.

మరదలు గ్లాసు పక్కన పెట్టి అతని మణికట్టు పట్టుకుంది. కాలిపోతోంది.

"నీ కాపలావాళ్లు మంచివాళ్లే బావా. ఆ పెచ్చుల్ని ఎప్పుడో పట్టేశారు. ఈ వాపు, సలుపు, జ్వరం అన్నీ వాళ్లు పెడుతున్న కేకలే. ఒళ్లంతటికీ వినబడ్డాయి, నీకు తప్ప. వాళ్లకంటే గట్టిగా నువ్వు మాట్లాడుతున్నావు మరి."

దర్జీ నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. బావ టేపు వంక కాసేపు చూసి, మెల్లగా లేచాడు.

"వస్తాగానీ, సూది వేసేటప్పుడు నువ్వు బయటే ఉండు. లోపల్నుంచి కేకలు వినబడితే, అవి నా కాపలావాళ్లవే అనుకో."