ఒరెస్తె సూర్యుణ్ణి ఆపిన రోజు

ఏర్సిలియా కాఫీ కొట్టు ముందు, కాలిబాటన కొండెక్కి అప్పుడే వచ్చిన దంపతులిద్దరు బూట్లు విప్పుకుంటున్నారు. కొత్త ముఖాలు కనపడితే ఒరెస్తె నోరు ఊరుకోదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళుంటారు? రెండు రోజులా? అలా అని వచ్చినవాళ్ళను చాలామందిని చూశాన్లే. అసలు ఈ మోంతెరోవోకి జనం రావడం మొదలైందే నా మూలాన. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, జరిగింది జరిగినట్టు చెబుతాను. చర్చి గోపురం మీద గడియారం ఉందే, దానికి రోజూ పొద్దున్నే కీ ఇచ్చేది నేను. మా నాన్న ఇచ్చాడు, ఆయన నాన్న ఇచ్చాడు. ఊరంతా దాన్ని చూసే పొయ్యి వెలిగిస్తుంది. అంతే, చిన్న పని.

"పదకొండేళ్ళ కిందట ఊళ్ళో మిగిలింది పందొమ్మిది మందిమి. ఈ ఏర్సిలియా శనివారంతో కొట్టు మూసేసి కింద పట్నంలో చెల్లెలి దగ్గరికి పోతానంది. కొట్టు మూస్తే రొట్టెల బండి పైకి రాదు. రొట్టె రాకపోతే ముసలాళ్ళం కొండ దిగాల్సిందే. దిగినవాడు మళ్ళీ ఎక్కుతాడా? పక్క ఊళ్ళు మూడు అలాగే ఖాళీ అయ్యాయి."

"అదొక్కటీ నిజం," అంది ఏర్సిలియా కప్పులు తుడుస్తూ.

"మిగతాదీ నిజమే. సరిగ్గా ఆ వారమే టూరిన్ నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. అదిగో, ఆ మూల చిక్కుడుకాయలు ఒలుస్తోందే, విల్మా, ఆవిడే. ఒక్క రాత్రి పడుకుని, మర్నాడు నాలుగింటి బస్సుకి పోతానంది. ఇంకో నాలుగు రోజులుంటే అడవి చూస్తుంది, డెల్మో చేసే జున్ను తింటుంది, స్నేహితులకు ఉత్తరాలు రాస్తుంది, వాళ్ళూ వస్తారు, కొట్టు నిలుస్తుంది. ఆపడం ఎలా? గోపురం ఎక్కి గడియారం లోలకాన్ని రెండు చేతులా కావలించుకున్నాను. ముల్లు మూడున్నర దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బస్సు వెళ్ళిపోయుంటుంది," అంది కొత్తావిడ.

"ఎలా వెళ్తుందమ్మా? డ్రైవరు కూడా మా గడియారం చూసే బండి తీస్తాడు. ఇంకా మూడున్నరే కదా అని సీటు వాల్చి పడుకున్నాడు. ఆ సూర్యుడూ అంతే, వందల ఏళ్ళుగా మా గోపురం చూసి కొండ దిగడం అలవాటైనవాడు, ముల్లు కదలకపోతే ఏం చేస్తాడు పాపం? ఓక్ చెట్ల నెత్తిన ఆగిపోయాడు. కోళ్ళు గూటి ముందు నిలబడి ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. అలా మూడు రోజులు."

"పోయినేడాది రెండన్నావు బాబాయ్," అన్నాడు డెల్మో, గోడకి ఆనుకుని నిలబడ్డ గొర్రెల కాపరి.

"నువ్వు సరిగ్గా విన్లేదురా. మూడు రోజులూ ఏర్సిలియా పొయ్యి మీది సూపు పొగలు కక్కుతూనే ఉంది, ఎంత తాగినా గిన్నె అడుగు కనపడలేదు. మేయరు కోడలికి నొప్పులొచ్చాయి గానీ, నాలుగింటికి పుట్టాల్సిన పిల్లాడు ఇంకా నాలుగు కాలేదని లోపలే కూర్చున్నాడు. బయటికొచ్చేసరికి మీసం. వచ్చీ రాగానే, ఇంత ఆలస్యమేమిటని నన్నే కోప్పడ్డాడు."

"ఆ పిల్లాడేడీ?" అని అడిగాడు కొత్తాయన.

"పట్నంలో బడికెళ్ళాడు. మీసం గీయించుకొస్తే గానీ చేర్చుకోమన్నారట. ఈలోగా మా పంతులమ్మ తాపీగా అడవంతా తిరిగింది. జలపాతం గాల్లోనే నిలబడిపోతే చుక్కచుక్కనీ ముట్టుకుని చూసింది. తొందరపడకుండా ఊరు చూడడమంటే ఏమిటో లోకానికి ఆ రోజే తెలిసింది. నేను లోలకం వదిలాకే కదా సూర్యుడు ఒళ్ళు విరుచుకుని కొండ దిగాడు!"

విల్మా చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది. ఇన్నేళ్ళలో ఈ కథకి ఒక్కసారీ అడ్డు చెప్పని మనిషి.

"ఆ రోజు నా చేతికి వాచీ ఉంది ఒరెస్తె," అంది. "నిమిషం తేడా రాదు. మూడూ నలభైకి సంచి భుజాన వేసుకుని చర్చి ముందుకి వచ్చాను. తలెత్తితే గోపురం కిటికీలో నువ్వు. లోలకాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని, 'వెళ్ళకు పంతులమ్మా, వెళ్ళకు' అంటున్నావు. కింద దాకా వినపడింది. పావుగంట కూడా పట్టుకోలేకపోయావు. బస్సు టైముకే వచ్చింది, టైముకే పోయింది. నేనే ఎక్కలేదు."

ఒరెస్తె కుర్చీని ఆవిడ వైపు తిప్పుకున్నాడు.

"ఉద్యోగంలో ఎన్ని ఊళ్ళు మారానో. వెళ్ళేటప్పుడు పూలు ఇచ్చేవాళ్ళు, ఉండమని మాత్రం ఒక్కరూ అడగలేదు. నువ్వు అడిగావు. నీ మేలు నేను మరిచిపోలేను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు ఒరెస్తె.

"చెబితే కథ మానేస్తావని."

ఏర్సిలియా కప్పు తుడవడం ఆపేసి, ఆ గుడ్డతోనే కళ్ళు ఒత్తుకుంది. ఒరెస్తె టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, కొత్తవాళ్ళ వైపు తిరిగాడు.

"సూర్యుడు ఆగలేదు," అన్నాడు మెల్లగా. "ఈవిడ ఆగింది."