పాకాల అయ్యగారి గుణాలు

పాకాల చర్చిలో ఆరాధన ముగిసింది. వెనక బెంచీలో కూర్చున్న కొత్తామె చిత్తూరు నుంచి తమ చర్చికి కొత్త పాస్టరును వెతుక్కుంటూ వచ్చిన కమిటీ మనిషని ఎస్తేరమ్మ అప్పటికే పసిగట్టేసింది. చుట్టపుచూపుకు వచ్చినవాళ్లు వాక్యం వింటారు గానీ, వినేవాళ్ల ముఖాలు తిరిగి తిరిగి చూడరు. మెల్లగా పోయి పక్కన కూర్చుంది.

“మీ పాస్టరయ్యగారు బాగా చెప్పినాడక్కా,” అంది చిత్తూరామె.

“ఈ పొద్దు ఏదో కుదిరిందిలేమ్మా. మామూలుగా అయితే ఇంట్లో అన్నం చల్లారిపోయేదాకా వదలడు.”

“ఇండ్లకు వస్తాడా?”

“వస్తాడు, సరిగ్గా కోడికూర ఉడికే యాళకి.”

“కోపం ఉండాదా?”

“అబ్బో! పోయిన క్రిస్మస్‌కి మైకు ఇసిరికొట్టినాడు.”

ఆ మాట అనేసి ఎస్తేరమ్మ మనసులోనే ప్రభువుకు క్షమాపణ చెప్పుకుంది. తన మొగుడు ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు తెల్లవార్లూ మంచం పక్కన కూర్చున్నది ఆ అయ్యగారే.

చిత్తూరామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“మా పాత అయ్యగారిని చూసేదానికి గూడూరు కమిటీవోళ్లు వచ్చినప్పుడు నేనూ ఇవే చెప్పినానక్కా. అన్నం, కోడికూర, కోపం, అన్నీ. మైకు ఒకటే నాకు తోచలా.”

ఎస్తేరమ్మ గొంతు తగ్గింది.

“మరి, నమ్మి ఎలబారి పోయినారా?”

“పోయినార్లే. పోతా పోతా మా అయ్యగార్ని గూడా ఎక్కించుకోని పోయినారు.”