ఆగండి మాస్టారి రెండు నిమిషాలు

వదినగారికీ, పిల్లలకీ, షెడ్డులో మిషన్లు ఆపి వచ్చిన మనవాళ్లందరికీ నమస్కారం. మాస్టారు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. షాపు ఇన్‌చార్జిని కాబట్టి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముందు నన్ను కాస్త విసుక్కోనివ్వండి. పందొమ్మిదేళ్లు ఈ మనిషితో నా తల ప్రాణం తోకకొచ్చింది!

మనం చేసే పనేమిటి? తుంటి కీలులో పెట్టే టైటానియం బంతి మీద లేజర్ పోనిస్తాం. పైపొర కరిగి, పెట్టెలోని నైట్రోజన్‌ని కలుపుకుని గట్టిపడుతుంది. లేజర్ ఆగింది, పని అయింది. పెట్టె తలుపు తీయొచ్చు కదా? అబ్బే! "ఆగండి" అని తలుపుకి అడ్డంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. బంతి చల్లారాలట. రెండు నిమిషాలు. ప్రతి బంతికీ రెండు నిమిషాలు! ఆగండి మాస్టారని పేరు పెట్టింది నేనే. కోపంతో పెట్టాను.

ఒకసారి ఆయన్ని పక్కకి తోసి నేనే తలుపు తీశాను. బంతి నీలంగా మెరిసింది. గట్టిదనం పరీక్షలో మంచి అంకె వచ్చింది, నేను ఎగిరి గంతేశాను. ఆయన బంతిని అడ్డంగా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నారు. పైపొర నిండా నెరియలు. "గట్టిగానే ఉంది సార్. కానీ ఇది ఎవరో అమ్మ ఒంట్లోకి వెళ్తుంది. గాలి తగిలి పెళుసెక్కిన పొర ఆవిడ నడకని మోయదు" అన్నారు.

బుద్ధి వచ్చిందా నాకు? ఎక్కడ!

రెండు వారాల కిందట ఆయన రెండు రోజులు సెలవు పెట్టారు. నలభై బంతులు నేనే చేయించాను. మాస్టారు తిరిగొచ్చి ఒక్కటే అడిగారు, తలుపు ఎప్పుడు తీశారని. రెండు నిమిషాలు ఆగే తీశామన్నాను. అబద్ధం, వదినగారూ. ఆయన నా మొహం వంక చూసి, పెన్ను జేబులో పెట్టుకుని, "రేపు ఒకటి కోసి చూసి, సరుకు బయటికి పంపే కాగితం మీద సంతకం పెడతాను" అన్నారు. ఆ రేపు ఆయన రాలేదు.

ఇప్పుడు ఆ సంతకం నేనే పెట్టొచ్చు. అడిగేవాళ్లు లేరు. ఏం మనిషండీ! పోయాక కూడా అడ్డంగా నిలబడ్డారు. ఇవాళ పొద్దున ఒక బంతిని కోసి చూశాను. నలభైనీ తుక్కులో వేయించాను. ఈ మాట ఆయనతో చెప్పాల్సింది, మీతో చెబుతున్నాను.

అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు, పూర్తిగా. నేను మధ్యలోనే గడియారం చూస్తాను, నాకు అలవాటు. అప్పుడు ఎవరైనా నన్ను "ఆగండి" అనండి.